రేవు చివరి మరపడవ

రేవు చివర, రిపేరు యార్డు దాటాక, ఇసుకలోకి ఒరిగిపోయిన మరపడవ ఒకటి ఉండేది. పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. ఏదో తుఫానులో అది మనుషులు లేకుండా తిరిగొచ్చిందట. ఇంజను ఆడుతూనే ఉందట. వేటకెళ్ళినవాళ్ళు ఏమయ్యారో సముద్రానికే తెలియాలి. దాన్ని కొనేవాడు లేడు, పొయ్యిలోకి కట్టెలు కొట్టుకుపోయేవాడూ లేడు. వలలు ఆరేసుకునే ఆడవాళ్ళు సైతం దాని నీడ పడినంత మేరా వదిలేసేవారు.

ఇది మా పెదనాన్న చెప్పింది. ఆయన బోట్ల ఇంజన్లు బాగుచేసేవాడు. కథలల్లే మనిషి కాదు. ఇంజను ఎందుకు ఆగిపోయిందో చెప్పినట్టే ఇదీ చెప్పాడు.

ఒక రాత్రి ఆయన అన్నం తింటుంటే చెల్లెలు, అంటే మా అత్తయ్య, వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఆయన నిన్న రాత్రి డ్యూటీకి వెళ్ళిన మనిషి... ఇంకా ఇంటికి రాలేదు."

మా మావయ్య రేవులో రాత్రి కాపలా కాసేవాడు. 'తాగి ఎక్కడో పడుంటాడులే' అనబోయి పెదనాన్న ఆగాడు. మావయ్య తాగడు. అదే చిక్కు. చెయ్యి కడుక్కుని టార్చి అందుకున్నాడు.

ఐసు ఫ్యాక్టరీలో లేడు. వేలం షెడ్డులో లేడు. జెట్టీ అంచున నిలబడి నీళ్ళలోకి కూడా టార్చి వేసి చూశాడు... ఆ మాట అత్తయ్యకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇక మిగిలింది రేవు చివరే.

యార్డు దాటాడు. గాలి లేదు. అలల చప్పుడు కూడా పల్చబడింది. అప్పుడు వినపడింది—

టక్... టక్... టక్.

పడవ లోంచి. తొందర లేకుండా, ఎవరో తలుపు తట్టినట్టు.

పెదనాన్న వెనక్కి తిరిగాడు. "పరిగెత్తలేదు, గబగబా నడిచానంతే" అనేవాడు. చెప్పు ఒకటి మాత్రం ఇసుకలోనే ఉండిపోయింది. యార్డు గేటు దాకా వచ్చి ఆగాడు. చెల్లెలు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. దానికేం చెప్పాలి? అక్కడ దెయ్యముంది, అందుకని వెతకలేదనా?

మళ్ళీ వెళ్ళాడు.

ఈసారి దగ్గరయ్యేకొద్దీ చప్పుడు తొందరపడుతోంది.

పడవ ఎక్కాడు. డెక్కు మీద పలకలు విరిగి పెద్ద కన్నం. అందులోకి టార్చి వేశాడు. కింద, చేపలు నిలవచేసే ఐసు గదిలో— ఒక మొహం. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"టార్చి పక్కకి తిప్పు బావా," అంది ఆ మొహం, బొంగురుగా. "కళ్ళు పోతున్నాయి."

మావయ్యే. సూపర్‌వైజరు తొంగిచూడని చోటు రేవు మొత్తమ్మీద అదొక్కటేనని, కాస్త కునుకు తీయడానికి ఎక్కాడట. పుచ్చిన పలక విరిగి కింద పడ్డాడు. వెనకే ఒక దూలం వచ్చి ఆయన మీద పడింది. గొంతు పోయేదాకా అరిచాడట.

పెదనాన్న లోపలికి దిగాడు. భయం పోయేసరికి కోపం వచ్చింది.

"మూలగొచ్చుగా, ఏడవొచ్చుగా... ఆ కొట్టుడేంటి? నా పైప్రాణాలు పైనే పోయాయి."

"కొట్టింది నేనా?" అన్నాడు మావయ్య. "నువ్వు కాదూ బయటనుంచి కొడుతున్నది? లోపలికి రాకుండా ఈ తట్టడమేంటని నేను తిట్టుకుంటున్నా."

"నువ్వే కొట్టావు."

"నా చేతులు చూడు."

పెదనాన్న టార్చి తిప్పాడు. రెండు చేతులూ మోచేతుల దాకా దూలం కింద ఉన్నాయి.



టక్... టక్... టక్.

పక్కనున్న చెక్కగోడకి అవతల నుంచి. పడవ ఒరిగింది అటే. అటువైపంతా ఇసుకే.

"బావా," అన్నాడు మావయ్య గుసగుసగా, "దొరికానని చెప్పు."

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. గోడ వైపు తిరిగి, కాస్త మర్యాదగానే అన్నాడు.

"దొరికాడండీ."

కొట్టడం ఆగిపోయింది.