ఒక్కసారి మోగితే క్షేమం

తుఫాను తీరం దాటడానికి ఇంకా నాలుగు గంటలుందనగా, ఊరి ఫోన్ల కంట్రోల్ రూమ్ తలుపు తోసుకుని నూకరత్నం వచ్చిపడింది. ఒంటిమీద తడిచీర, చేతిలో పాత ఫోను.

"నా ఫోను మోగట్లేదమ్మా! మా ఆయన సంద్రం మీద ఏటకెల్లి మూడ్రోజులైంది."

"నెట్‌వర్క్ బాగానే ఉందమ్మా, కూర్చో" అంది ఆ నెట్‌వర్క్‌ని నడిపే ఇంజనీరు డాక్టర్ మందాకిని, కాస్త గర్వంగానే.

గర్వపడాల్సిన సంగతే లెండి. పూర్వం ఊళ్లో ప్రతి స్విచ్చికీ, అంటే కాల్‌ని ఒక తీగ నుంచి ఇంకో తీగకి మళ్లించే పెట్టెకి, సొంత బుర్ర ఉండేది. ఏ దారిన పంపాలో అదే తేల్చుకునేది. మందాకిని ఆ బుర్రలన్నీ పీకేసి ఒకే సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది. పేరు సూత్రధారి. అది చెబుతుంది, పెట్టెలు చేస్తాయి. ఇక్కడ ఒక్క రూలు మారిస్తే ఊరంతా రెప్పపాటులో మారిపోతుంది. మంచి రూలైనా అంతే, తలతిక్క రూలైనా అంతే!

"తుఫాను రద్దీ కదా. ఏ నంబర్ నుంచి వస్తే మీరు ఎన్నడూ ఎత్తరో, ఆ కాల్స్ దండగని పొద్దున్నే ఆపించాను."

"అయ్యో తల్లీ, ఎంత పని సేసినావు! మా పేటలో ఎవులూ ఎత్తరమ్మా. ఏటకెల్లినోళ్లు ఒడ్డెక్కగానే ఒక్క రింగిచ్చి కట్ సేస్తారు. ఒక్కసారి మోగితే క్షేమం. ఆగకుండా మోగితేనే ఆపద, అప్పుడే ఎత్తాల."

మందాకిని గబగబా రికార్డు తెరిచింది. పదకొండూ పదికి పక్క రేవు నుంచి ఆమె భర్త పోలయ్య కాల్ ఒకటి వచ్చింది. సూత్రధారి దాన్ని ఆపేసింది.

"మీ ఆయన క్షేమంగా ఒడ్డెక్కాడమ్మా!"

నూకరత్నం మందాకిని చెయ్యి పట్టుకుంది. "ఫోను మోగలేదని మా సింహాద్రి పన్నెండింటికి పడవేసుకుని ఆల నాన్నని ఎతకడానికి ఎల్లిపోనాడమ్మా. నా కొడుకమ్మా!"

మందాకిని వెంటనే ఆ రూలు తీసేసింది. ఊళ్లోని పెట్టెలన్నీ ఆ క్షణమే మాట విన్నాయి.

నూకరత్నం చేతిలో ఫోను మోగింది. తెరమీద సింహాద్రి పేరు.

"ఒక్కసారే నాయనా, ఆపేయ్" అని నూకరత్నం ఫోనుకి దణ్ణం పెట్టింది.

రెండోసారి మోగింది. మూడోసారి కూడా మోగింది.

తుఫానులో సముద్రం మీది కాల్స్‌కే మొదటి దారి ఇవ్వాలని మందాకిని రాసిన ఇంకో రూలు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎక్కడా తెగకుండా ఫోను మోగుతూనే ఉంది.