టీచరమ్మకు చాయ్

ఆదివారం పొద్దున పాలు పోయించుకునేవాళ్ళంతా వెళ్ళిపోయాక స్వరూప వాకిలి కడిగింది. తుడిచింది. పొడిబట్టతో మళ్ళీ తుడిచింది. మూడోసారి బట్ట పట్టుకుంటే, పాల క్యాన్లు బండికి కట్టుకుంటున్న భర్త జగదీశ్వర్ ఆగి చూశాడు.

"గిప్పుడే తుడిస్తివి గదా?"

"తడి ఉన్నట్టున్నది," అంది తలెత్తకుండా.

పురానాపూల్ దగ్గరి ఆ ఇంట్లో మూడు బర్రెలు, ముగ్గురు మనుషులు. ఇరవై రోజుల కింద ఇదే వాకిట్లో స్వరూప క్యాన్లు తోముతుంటే ఫోన్ మోగింది. సబ్బునీళ్ళు అట్లాగే వదిలి లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాలు కూడా కాలేదు, అత్త ఎల్లమ్మ జారిపడింది. కాలు విరిగింది. డాక్టరు సిమెంటు కట్టు కట్టి, రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు.

అప్పటి నుంచి స్వరూప అందరితో కూర్చుని తినడం మానేసింది. అత్తకు స్నానం, మందులు, బర్రెల పని, అన్నీ తనే. ఎవరైనా సాయం వస్తే వద్దంటుంది. గల్లీలో అందరి నడకలూ మాటలూ చేసి చూపెట్టి నవ్వించే ఎల్లమ్మ ఎంత కదిపినా, స్వరూప నోట ఊఁ తప్ప మాట లేదు.

పదిన్నరకు చాంద్రాయణగుట్ట నుంచి జగదీశ్వర్ అక్క నందిని ఆటో దిగింది. తల్లి కాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళు ఆరకముందే గొంతు లేచింది.

"అమ్మను నేను తీస్కపోత. ఈడుంటే ఇంకో కాలు గూడ ఇరుగుతది."

"ఏం మాటలక్కా అవి?" అన్నాడు పాలు వేసి అప్పుడే తిరిగొచ్చిన జగదీశ్వర్.

"ఉన్నదే అంటున్న. సబ్బునీళ్ళు ఇడ్సిపెట్టి ఫోన్ల ముచ్చట్లు పెట్టిందెవరు?"

అతను ఏదో అనబోయాడు. స్వరూప అననివ్వలేదు.

"వదిన సరిగ్గనే అన్నది. తీస్కపోండ్రి. నా చేతుల ఉంటే మళ్ళ ఏదో అయితది. నేను దేనికీ పనికిరాను."

మంచం మీద ఎల్లమ్మ మొహం వాడిపోయింది.

"నన్ను పంపిస్తవా బిడ్డా?"

స్వరూప నేల చూపులు చూసింది. ఎల్లమ్మ కొడుకునూ కూతురునూ వాకిట్లోకి వెళ్ళమని, కోడలిని మంచం పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇరవై దినాల నుంచి నిన్నెవరో తిడుతున్నరు. నేను తిట్టలే, వాడు తిట్టలే. నందిని ఇయ్యాల్నే వచ్చింది. మరెవరు?"

"ఎవరు లేరత్తమ్మా. నా మనసే."

"గా మనసు మనిషైతే ఎట్లుంటది? మొగం ఎట్లుంటది?"

"గిదేం ఆట?"

"మంచంల పడున్నదాన్ని, ఆడక ఏం జేయాలె? చెప్పరాదు."

స్వరూప గోడకేసి చూసింది. "ఎత్తుగ ఉంటది. ఇస్త్రీ చీర. చేతిల కట్టె స్కేలు. మా బడిల లెక్కల టీచరమ్మ లెక్క."

ఎల్లమ్మ దిండుకు ఆనుకుని నిటారుగా లేచి, విసనకర్ర ఎత్తి, ముక్కుతో మాట్లాడింది. "ఏయ్ స్వరూపా! నేల తుడ్వరాదా నీకు? చెయ్యి సాపు!"

స్వరూపకు నవ్వొచ్చేసింది. తప్పు చేసినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటికొచ్చిన మనిషిని నిలబెడ్తరా? గా బెంచీ మీద కూసోబెట్టు. చాయ్ తాగుతదా అడుగు."

స్వరూప ఖాళీ బెంచీ వైపు తిరిగింది. సిగ్గేసింది. అయినా అడిగింది. "టీచరమ్మా... చాయ్ తాగుతరా?"

"ఏమంటున్నది?"

స్వరూప కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"వద్దంటున్నది. భయమైతుందంట."

"దేనికి?"

"నీకేమన్న అయితదని. ఆ దినం నువ్వు కదలకుండ పడి ఉంటే... పానం పోయిందనుకున్న అత్తమ్మా."

అత్త భుజం మీద తల ఆనించి భోరుమంది. ఎల్లమ్మ ఆపలేదు. వీపు నిమురుతూ కూర్చుంది. ఏడుపు నెమ్మదించాక అడిగింది.

"గదే పని నందిని చేతుల అయ్యుంటే, దానికేం చెప్తుంటివి?"

"కావాలని చేస్తివా వదినా, ఊకో, అన్నం తిను అంటుంటి."

"గదే టీచరమ్మకు చెప్పు. పాపం, ఆమె గూడ మంచిగ తిని ఎన్ని దినాలైందో."

స్వరూప కళ్ళు తుడుచుకుంది. "కావాలని చేయలే," అంది బెంచీతో, మెల్లగా. "ఊకో. అన్నం తిందువు రా."

దర్వాజ దగ్గర నందిని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, చెంపలు తడిసి ఉన్నాయి.

"అమ్మను నెలకోపారి గూడ వచ్చి చూస్తలేనని నా మీద నాకే కోపం. అది నీ మీద తీసిన స్వరూపా. అమ్మ ఈడనే ఉండని. నేనే ఆదివారం ఆదివారం వస్త," అంటూ బెంచీ మీద కూర్చోబోయింది.

"ఆగాగు! మనిషున్నది అక్కడ!" కేకేసింది ఎల్లమ్మ.

నందిని ఉలిక్కిపడి వెనక్కి చూసింది. "ఎవరున్నరు?"

ఎల్లమ్మ కోడలి వైపు తిరిగింది. "పోయిందా బిడ్డా ఆమె?"

స్వరూప బెంచీని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది.

"పోలే అత్తమ్మా. జర జరిగి కూసున్నది." వదిన చెయ్యి పట్టి దగ్గరికి లాగింది. "కూసో వదినా. జాగ ఉన్నది."