ఎర్ర చుక్క పడకూడదు

బక్పియా మిఠాయి పెట్టె మూత లోపల పెన్సిలుతో రాసి ఉంది: "తినేముందు చదువు. చదివాక తినాలనిపించదు."

సుగెంగ్ దాని కింద ఉన్నదంతా చదివాడు. తినాలనిపించలేదు.

"అర్థమైందా, ఏజెంట్ నలభయ్యొకటీ?" అన్నాడు గ్యాలరీ వెనక మెట్ల మీద మిఠాయి అమ్మేవాడి వేషంలో కూర్చున్న కర్నల్ హర్జోనో. "మన మాయాంగ్ డబుల్ ఏజెంటు. ఇక్కడి ఐదుగురు చిత్రకారుల్లో ఒకడు మనవాడని విదేశీ ముఠాకి చెప్పేసింది. ఆ ఒకడెవడో నాలుగింటికి చూపిస్తుంది."

"ఎలా సార్?"

"నీ బొమ్మ కొంటుంది. ఫ్రేము కింద ఎర్ర చుక్క పడుతుంది. చుక్క పడ్డ బొమ్మ పక్కన ఎవడు నిలబడితే వాణ్ణి హంతకుడు లేపేస్తాడు. పెన్నులో విషపు సూది. గుచ్చితే మూడు నిమిషాలు."

"ఆవిణ్ణి ఇప్పుడే పట్టుకోవచ్చుగా?"

"పట్టుకుంటే వాడు జారుకుంటాడు. ఆవిడ ముఖం వాడికి తెలుసు, వాడి ముఖం ఆవిడకి తెలీదు. రేపు వాడొచ్చి నీ గుమ్మం ముందు నిలబడితే నువ్వు మాత్రం గుర్తుపడతావా?"

"అంటే నేను ఎరనా సార్?"

"ఎర కాదయ్యా, ఎర్ర! ఆపరేషన్ పేరు సరిగ్గా పలుకు. వాడు కనిపించగానే 'బక్పియా' అని అరిచెయ్. మేం వచ్చేస్తాం."

రాగిరేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీయడం సుగెంగ్ రెండేళ్లు నేర్చుకున్నాడు. అంతా ఈ వేషం కోసమే. 'వానలో రిక్షా' అచ్చుబొమ్మ కింద, ఇరవై కాపీల్లో మొదటిదని, 1/20 అని నంబరు కూడా వేశాడు. యోగ్యకర్తాలో ఏ చిత్రకారుడైనా తన బొమ్మ కింద చుక్క పడాలనే మొక్కుకుంటాడు. చుక్కంటే అమ్మకం మరి. తన బొమ్మ అమ్ముడుపోకూడదని మొక్కుకున్న మొదటి కళాకారుడు సుగెంగే. ముఖంలో నెత్తుటి చుక్క లేదు, గొంతులో తడి చుక్క లేదు, ఉన్న ఒక్క చుక్కా గోడ మీద పడబోతోంది.

నాలుగు కావస్తోంది. హాలు కిటకిటలాడుతోంది. గొడుగు పట్టుకున్న ముసలావిడని చూసి సుగెంగ్ ఉలిక్కిపడ్డాడు. కెమెరా తగిలించుకున్న ఒకాయన తన జేబులో చెయ్యి పెడితే గోడకి అతుక్కుపోయాడు. బాతిక్ చొక్కా వేసుకున్న కళ్లజోడు పెద్దమనిషి ఒక్కడే కాస్త ఊరటనిచ్చాడు. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఈ గీతల్లో ప్రాణముంది బాబూ," అన్నాడు.

"ఇంకాసేపు ఉంటుందండీ," అన్నాడు సుగెంగ్.

అప్పుడు వచ్చింది మాయాంగ్. ఆకుపచ్చ కెబాయా రవిక, ముత్యాల దండ, చుక్కలాంటి మనిషి. చుక్క పెట్టించడానికే వచ్చిన మనిషి.

"ఏం సుగెంగ్, అంత చెమటలేంటి?"

"ఏసీ పనిచెయ్యట్లేదు."

"ఏం ఫర్లేదు. కాసేపట్లో చల్లబడతావులే." గ్యాలరీ యజమానురాలి వైపు తిరిగి చిటికేసింది. "లిస్త్యానీ మేడమ్, ఇది నాకొకటి."

లిస్త్యానీ మురిసిపోయింది. "బోణీ అయింది తమ్ముడూ!" అంటూ ఎర్ర చుక్కల అట్టలోంచి ఒకటి ఊడదీసి ఫ్రేము కింద నొక్కింది.

సుగెంగ్ గుమ్మం వంక చూశాడు. పరిగెత్తితే వేషం పోతుంది. నిలబడితే మనిషే పోతాడు. వెనక ఎక్కడో పెన్ను మూత తీసిన 'టిక్' వినిపించింది. చావు కూడా అచ్చం అచ్చుబొమ్మలాగే నంబరు వేసుకుని వస్తోంది.

నంబరు!

ఈ పథకం వేసినవాళ్లకి తైలచిత్రాలే తెలుసు. అక్కడ బొమ్మొకటి, కొనేవాడొకడు, చుక్కొకటి. ఇక్కడ ఐదుగురివీ అచ్చుబొమ్మలే, ఒక్కో ఫ్రేము వెనక డ్రాయరులో ఇంకా పంతొమ్మిది కాపీలున్నాయి. పైగా ప్రదర్శన మొదటిరోజున అచ్చుబొమ్మలవాళ్లు ఒకరి కాపీ ఒకరు మార్చుకోవడం ఈ ఊరి ఆనవాయితీ. మారిన కాపీ ఇక అమ్మకానికి ఉండదు కాబట్టి దానికీ చుక్క పడాల్సిందే.

"మార్పిడి!" అని గావుకేక పెట్టాడు సుగెంగ్. "రండ్రా, అందరం అందరితో!"

"టీ అయ్యాక కదరా ఎప్పుడూ!" అన్నాడు పక్క ఫ్రేము తుకిరన్.

"టీ దాకా ఆగలేనురా, నీకు దణ్ణం పెడతా!"

మిగతా నలుగురు చిత్రకారులూ నవ్వుతూ ఎగబడ్డారు. "నాకు నీ పిల్లి", "నీకు నా రైలు", "ఒరేయ్, చిన్నది అంటగట్టకు!" అంటూ ఒకటే గోల. లిస్త్యానీ అట్ట పట్టుకుని పరుగులు తీసింది. నిమిషంలో ఐదు ఫ్రేముల కిందా తట్టు పోసినట్టు చుక్కలే చుక్కలు. ముఠాకి చుక్కెదురు!

జనమంతా గోడల వంక చూస్తున్నారు. ఒక్కడు మాత్రం "ఎవరు?" అన్నట్టు మాయాంగ్ వంక చూశాడు.

కళ్లజోడు పెద్దమనిషి.

అప్పటికే సుగెంగ్‌కి జానెడు దూరంలో ఉన్నాడు. అడగబోయి తడబడ్డ ఆ ఒక్క క్షణం సుగెంగ్‌కి చాలింది. "బక్పియా!" అని అరిచి, మార్పిడిలో చేతికొచ్చిన బొమ్మల అట్టని అడ్డం పెట్టాడు. సూది కస్సున అందులో దిగింది. మరుక్షణం ముగ్గురు మిఠాయివాళ్లు పెద్దమనిషి మీద పడ్డారు. గుమ్మం దగ్గర మాయాంగ్ చేతులకి కర్నల్ స్వయంగా బేడీలు తొడిగాడు.

జీపు వెళ్లిపోయాక లిస్త్యానీ ఫ్రేముల దగ్గర లెక్క చూసుకుని మొహమాటంగా వచ్చింది. "అందరివీ బాగా పోయాయి తమ్ముడూ. నీదే... మార్పిడివి తీసేస్తే ఒక్కటి. ఆ ఆకుపచ్చ కెబాయా ఆవిడ కొన్నది."

సుగెంగ్ ముఖం మాడిపోయింది. ప్రాణం దక్కిన సంతోషం కూడా అందులో కనిపించలేదు.

"పోనీలేవోయ్," అని భుజం తట్టాడు కర్నల్. "నీ కళకి రసికులు దొరకాలి."

"దొరికారు సార్, ఇద్దరు. ఒకావిడ కొంది, ఒకాయన మెచ్చుకున్నాడు. ఇప్పుడే ఇద్దర్నీ మీరు జీపెక్కించారు."