పన్నెండు సెకన్ల నేరం

ఆ అమ్మాయిని సర్వర్ గదిలో పెట్టి తాళం వేసిన పెద్దమనుషులారా, ముందు మీ చేతులు చూసుకోండి. నేరం అక్కడే ఉంది.

అంబులెన్సు కేంద్రంలో నెల రోజులుగా ఏ ఫోను వచ్చినా బండి కదలడం పన్నెండు సెకన్లు ఆలస్యం. ప్రోగ్రామరైన ఆ అమ్మాయే కావాలని చేసిందని మేనేజర్ తేల్చేశాడు. ఆమె గుర్తింపు కార్డు లాక్కున్నాడు. సాయంత్రంలోపు ఒప్పుకోలు కాగితం మీద సంతకం, లేదంటే పోలీసులు. ఆమె అన్న వచ్చి డిటెక్టివ్‌ కాళ్లావేళ్లా పడ్డాడు.

డిటెక్టివ్, అతని అసిస్టెంట్ సర్వర్ గదిలోకి వెళ్లగానే వెనక తలుపు మూసుకుంది. ఆ గదికి కిటికీ లేదు. అసిస్టెంట్‌కి ఊపిరాడలేదు.

"గురువుగారూ, మనమూ బందీలమేనా?"

"కుర్చీ ఉందిగా, కూర్చో. అమ్మా, సర్వర్ మీద పని ఎక్కువైందా?"

"ఎక్కడండీ, ఈగలు తోలుకుంటోంది. సార్ రెండుసార్లు పెద్ద మెషీన్లు తెప్పించారు. అయినా అదే పన్నెండు."

"ఎప్పుడైనా తగ్గిందా?"

"ఒక్కరోజు, ఆరుకి. ఆవేళ మూడొందల బండ్లలో సగం షెడ్డులో ఉన్నాయి."

అసిస్టెంట్ స్క్రీన్ మీదికి వంగాడు. "ఫోను వచ్చినప్పుడల్లా ఇది ఒక్కో బండి ఎక్కడుందో వరసగా ఇంకో సర్వర్‌ని అడుగుతోంది గురువుగారూ. ప్రతి ప్రశ్నా రెండు ముక్కలుగా పోతోంది: ముందు ఆఫీసు పేరున్న ముద్ర ఒక ముక్క, తర్వాత బండి నంబరు ఇంకో ముక్క. మధ్యలో ప్రతిసారీ నలభై మిల్లీసెకన్లు."

"ఆ ముద్ర ఎప్పుడొచ్చింది?"

"నెల క్రితం, నేను సెలవులో ఉండగా. సార్ పెట్టించి, ముట్టుకోవద్దన్నారు," అందామె.

డిటెక్టివ్ మేనేజర్‌నీ, ఫోన్లెత్తే ఉద్యోగులనీ పిలిపించి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఈ సర్వర్‌ని నడిపే లినక్స్ మొదటి చిన్న ముక్క పంపి, అది అందిందన్న కబురు వచ్చేదాకా రెండోదాన్ని పట్టి ఉంచుతుంది. అవతలి సర్వరేమో జవాబుతో కలిపి పంపుదామని ఆ కబురును ఆపుకుంటుంది. మీరు ముందంటే మీరు ముందని గుమ్మంలో ఇద్దరూ నిలబడిపోయారు. నలభై మిల్లీసెకన్లు, మూడొందల సార్లు. పన్నెండు సెకన్లు. బండ్లు సగమైతే ఆరు. ముద్రను విడిగా తగిలించింది మీరే, మేనేజర్ గారూ."

"ముద్ర లేకపోతే అది మన ఆఫీసు పనని ఎలా తెలుస్తుందండీ?"

"బాగానే తెలుస్తోంది. ఆలస్యమైందంటే అది మీ ఆఫీసు పనే."

బయట ఫోను మోగింది. అందరూ గోడగడియారం వైపు చూశారు. పన్నెండో సెకను దాకా డిటెక్టివ్ తలుపు వదల్లేదు.

"ఆ ఫోను చేసినవాళ్లింట్లో ఈ పన్నెండు సెకన్లూ ఎలా గడిచాయో ఆలోచించండి. కార్డు ఆమె చేతిలో పెట్టండి. ముద్రనూ నంబరునూ ఒకే ముక్కగా పంపనివ్వండి, చిన్న ముక్కల్ని పట్టి ఉంచొద్దని లినక్స్‌కి ఒక్క వరుస కోడు రాయనివ్వండి. ఆ ఒప్పుకోలు కాగితం మా ముందే చించండి. ఇంకో ఫోను మోగేలోపు తలుపు తెరవండి."