దానయ్య దాచిన దీవి

పాత తెరచాప కొయ్యను దించుతుండగా దాని తొర్రలోంచి ఒక రాగిరేకు ఊడి ఇసుకలో పడింది. నావ యజమాని, దాన్ని నడిపే సరంగు కూడా అయిన వాసుపల్లి దానయ్య దాన్ని చింతపండుతో తోమాడు. రేకు మీద చెక్కిన పటం బయటపడింది: మూడు శిఖరాల దీవి, దట్టమైన అడవి, కొండ పాదంలో గుహ, గుహలో ఒక పెట్టె! ఆ శిఖరాలను అతడు కుర్రతనంలో అండమాన్ దారిలో దూరం నుంచి చూసి ఉన్నాడు.

అయితే అంత దూరం తెరచాప మీద పోవడం ఒక్కడి వల్ల కాదు. మరో ఇద్దరైనా కావాలి. దానయ్య భీమిలి రేవంతా తిరిగాడు. "అంత దూరమా? మా వల్ల కాదు బాబూ" అని తప్పుకున్నవాళ్ళే ఎక్కువ. చివరికి చుక్కాని పట్టడంలో పేరున్న ఖాసిం, వల లాగి బతికే, కండబలం గల నూకన్న ఒప్పుకున్నారు.

"ఇంతకీ ఏటి సరుకు మావా?" అడిగాడు నూకన్న.

"కలప. లాభం ముగ్గురికీ సమానం" అన్నాడు దానయ్య. రాగిరేకు అతని మొలలో ఉంది.

నడిసముద్రంలో తుఫాను విరుచుకుపడింది. ఖాసిం తనను తాను చుక్కానికి కట్టుకుని నావను నిలబెట్టాడు. నూకన్న ఊగిపోతున్న కొయ్య ఎక్కి చిరిగిన తెరచాపను కోసి పారేసి, గాలి తగ్గాక మరొకటి కట్టాడు. ఆ తర్వాత దానయ్యకు జ్వరం తగులుకుంటే ఇద్దరూ తమ వంతు మంచినీళ్ళు అతనికే తాగించారు. ఉన్నమాట దానయ్య నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

దీవి చేరగానే, "మీరు నీళ్ళు పట్టండి, నేను చెట్లు చూసొస్తాను" అని కత్తితో తీగలు నరుక్కుంటూ అడవిలో పడ్డాడు. ముళ్ళు ఒళ్ళంతా చీరేశాయి. జలగలు కాళ్ళను పట్టుకున్నాయి. దేన్నీ లెక్కచెయ్యలేదు. అడవి అవతల కొండ పాదంలో, సముద్రం ఘోషిస్తున్న చోట, గుహ నోరు తెరుచుకుని ఉంది. పైనుంచి వేలాడే చెట్టు ఊడలు పట్టుకుని లోపలి గోతిలోకి దిగాడు. రాళ్ళ సందున ఇనుప పట్టీల పెట్టె! మూత ఎత్తగానే బంగారు నాణేలు మసక వెలుతురులో మెరిశాయి. ఊపిరి బిగబట్టి పెట్టెను గుంజాడు. పైనున్న బండ దొర్లి అతని కాలి మీద పడింది.

అంతలోనే సముద్రం పోటెత్తింది. నీళ్ళు గుహలోకి హోరుమని తోసుకొచ్చాయి.

"నూకన్నా! ఖాసిం! చచ్చిపోతున్నాను!"

ఎంతకీ తిరిగి రాని సరంగును వెతుకుతూ, నరికిన తీగల జాడ పట్టుకుని వాళ్ళు అప్పటికే గుహ దగ్గరికి వచ్చారు. ఖాసిం పైనుంచి తాడు వదిలాడు. నూకన్న దిగి బండ కింద భుజం ఆనించి ఎత్తాడు. దానయ్య కాలు బయటపడింది కాని, జారిన బండ నూకన్న ముంజేతిని నలిపేసింది. అతని కేక గుహంతా మారుమోగింది.

"తొందరగా! నీళ్ళు పైకొస్తున్నాయి!" అరిచాడు ఖాసిం.

విరిగిన చేత్తోనే నూకన్న దానయ్య నడుముకు తాడు చుట్టాడు. ఆ క్షణంలో దానయ్య చెయ్యి తనకు తెలియకుండానే పెట్టె వైపు సాగింది. నూకన్న ఆ చేతిని చూశాడు, పెట్టెను చూశాడు. ముడి గట్టిగా బిగించాడు.

ముందు దానయ్య, వెనక నూకన్న పైకి వచ్చేసరికి గొయ్యి నిండి పొంగుతోంది. పెట్టె ఏ బొరియలోకి కొట్టుకుపోయిందో!

ఒడ్డున నూకన్న పెట్టె సంగతి చెబుతుంటే ఖాసిం అతని చేతికి వెదురు బద్దలు కట్టాడు. తలెత్తకుండానే అన్నాడు: "కలప అన్నావు సరంగూ. నిజం చెప్పుంటే మేం రాకపోదుమా?"

వాళ్ళిద్దరూ తనను కొట్టినా బాగుండుననిపించింది దానయ్యకు.

తిరుగు ప్రయాణంలో నూకన్న పని కూడా తానే చేశాడు. తాళ్ళు లాగి అరచేతులు పుళ్ళు పడ్డాయి. ఇద్దరూ అతనికి గంజి పోశారు, గాలి ఎటు వీస్తోందో మాత్రం చెప్పారు.

భీమిలి రేవులో నూకన్న భార్య పైడమ్మ పరుగున వచ్చింది. భర్త చెయ్యి చూసి గొల్లుమంది.

"నీళ్ళకెళ్ళి రాయి మీద జారిపోనాను. ఏటీ లేదు, ఊరుకో" అన్నాడు నూకన్న.

ఆమె దానయ్యకు చేతులు జోడించింది. "పానాలతో తెచ్చావు మావా. నీ మేలు మర్సిపోను."

దానయ్యకు నేల చీలితే బాగుండుననిపించింది. రేవు జనమంతా వింటున్నారు.

"జారలేదమ్మా" అన్నాడు. "నిధి కోసం తీసుకెళ్ళాను. కలప అని అబద్ధం చెప్పాను, వాటా ఎగ్గొడదామని. నన్ను బతికించబోయి చెయ్యి పోగొట్టుకున్నాడు."

పైడమ్మ జోడించిన చేతులు విడిపోయాయి. "మరి మా వలెవరు లాగుతారు?"

"నేను లాగుతాను."

ఆమె భర్తను తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే దానయ్య వాళ్ళ వల దగ్గర నిలబడ్డాడు. పైడమ్మ వచ్చింది. అతని ముఖం చూడకుండానే తాడు కొస అందించింది. దానయ్య అందుకుని, తల వంచుకుని లాగసాగాడు.