రెండు దీవులు, ఒక వీల్‌చెయిర్

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి వంటింటి బల్ల మీద రెండు దీవులు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకటి పగడాల దీవి. నేలంతా చదును, చుట్టూ నీలం నీళ్ళు, ఆ నీళ్ళ మీదే కట్టిన చెక్క గదులు. రెండోది కొండ దీవి. అడవి, జలపాతం, ఏటవాలు మీద కుటీరాలు. మూడు వారాలుగా ఆ బ్రోషర్లని ఎవరూ అక్కడి నుంచి తీయలేదు. టీ మరకలు పడి అంచులు వంకర్లు తిరిగాయి.

"కొండ దీవే బాగుంది తల్లీ," అన్నాడు నాన్న, టోస్టుకి వెన్న రాస్తూ. "ముప్ఫై నాలుగేళ్ళు చదును రోడ్డు మీద బస్సు తోలాను. ఇప్పుడైనా కాస్త ఎత్తుకెక్కి చూద్దాం."

"అక్కడ గదికి చేరాలంటే నూట పన్నెండు మెట్లు. నీ మోకాలి సంగతి మర్చిపోయావా?" అంది పొట్టి.

"అయితే పగడాల దీవి."

"దానికి బుల్లి విమానం ఎక్కాలి. ఆ మోతకి చెవులు చిల్లులు పడతాయి. పైగా దోమలు."

"సముద్రం మధ్యలో దోమలేంటే?"

"ఉంటాయి నాన్నా. రోజూ నాకిదే పని. ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. ఐదడుగుల ఎనిమిదంగుళాలు పెరిగినా చిన్నప్పటి ముద్దుపేరు వదలని ఈ పొట్టి, ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. హనీమూన్ సీటు ఆమెదే. కొత్త జంటలు భుజాలు రాసుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంటే, పావుగంటలో వాళ్ళకి తగిన దీవేదో తేల్చేస్తుంది. అంతటి మనిషికి మూడు వారాలుగా ఒక్క జంటకి దీవి కుదరడం లేదు. ఎలా కుదురుతుంది? ఆ జంటలో పెళ్ళికొడుకు సాక్షాత్తూ ఆమె కన్నతండ్రి. వయసు అరవై ఒకటి.

పెళ్ళికూతురు అదే వంటింట్లో, కిటికీ పక్కన కూర్చుని బీన్స్‌కి నార తీస్తోంది. వయసు యాభై మూడు, ఇదే మొదటి పెళ్ళి. వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణంలో పని. నాన్న ఒకే నెలలో నాలుగుసార్లు కళ్ళజోడు వదులైందంటూ ఆ దుకాణానికి బయలుదేరినప్పుడే పొట్టికి అనుమానం రావలసింది. రాలేదు. అమ్మ పోయి ఆరేళ్ళైంది, పాపం ఒంటరి మనిషి, నడక మంచిదే అనుకుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం కూడా తనే పెట్టింది. నవ్వుతూనే పెట్టింది. ఆ నవ్వు ఇంటికొచ్చేసరికి అయిపోయింది. ఆయన ఆవిడని ఇప్పటికీ "మేడమ్" అనే పిలుస్తాడు, ఆవిడేమో "డ్రైవరుగారూ" అంటుంది. విన్నప్పుడల్లా పొట్టికి ఒళ్ళు మండిపోతుంది.

"ఏమంటారు మేడమ్?" అన్నాడు నాన్న.

"మీ ఇష్టం డ్రైవరుగారూ," అంది మేడమ్, బీన్స్ మీంచి తల ఎత్తకుండా.

"చూశావా, ఆవిడకి ఏదైనా పర్లేదు. నువ్వే ఏదో ఒకటి తేల్చెయ్యి. ఆవిడ సెలవు ఏ తేదీ నుంచో దుకాణం ఓనరుకి రేపటికల్లా చెప్పాలి. ఏడాదికోసారి ఇచ్చే పదిరోజులు. అవి పోతే మళ్ళీ ఏడాది దాకా లేవు."

"నన్నేం చెయ్యమంటావ్? మూడుసార్లు ప్రయత్నించా. మూడుసార్లూ రూములు నిండిపోయాయి."

ఇది పచ్చి అబద్ధం. ట్రావెల్స్ వాళ్ళకి ఒక వెసులుబాటు ఉంటుంది. నచ్చిన గదిని మూడు రోజులపాటు బ్లాక్ చేసి ఉంచుకోవచ్చు. ఆ మూడు రోజుల్లో ఖాయం చేస్తే గది మనది, చెయ్యకపోతే దానంతటదే పోతుంది. పొట్టి మూడుసార్లూ పగడాల దీవిలోనే గది బ్లాక్ చేసింది. ఖాయం చేద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చింది, ఎవరో పిలిచారు, మంచినీళ్ళు తాగాలనిపించింది. గడువు దాటిపోయాక, నేనేమీ రద్దు చెయ్యలేదుగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. రెండు గదులు అలా పోయాయి. మూడోది ఈ సాయంత్రం పోతుంది.

"పోనీ ఇంకోటుంది," అంది పొట్టి. "పెద్దవయసు వాళ్ళ కోసం బస్సు టూరు. కూడా డాక్టరు వస్తాడు. ఎనిమిదింటికల్లా భోజనం పెట్టి పడుకోబెడతారు."

"ముప్ఫై నాలుగేళ్ళు బస్సులోనే ఉన్నానే! హనీమూన్‌కి కూడా బస్సేనా?"

కిటికీ దగ్గర మేడమ్ పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది. పొట్టికి అది కూడా నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే నాన్న ఫోన్ మోగింది. రెండు చేతులకీ వెన్నే. వేలి కణుపుతో నొక్కి స్పీకర్లో పెట్టాడు.

"నమస్తే సార్, పగడాల దీవి రిసార్టు నుంచి మాట్లాడుతున్నాం," అంది ఒక అమ్మాయి గొంతు, బోలెడు హుషారుగా. "మీ గది బ్లాక్ ఈ సాయంత్రం ఆరింటికి అయిపోతుంది సార్. ఇలా అయిపోవడం ఇది మూడోసారి కదా, ఈసారైనా ఖాయం చేసుకుంటారేమో కనుక్కుందామని."

పొట్టి చేతిలో టీ కప్పు ఆగిపోయింది. బ్లాక్ చేసేటప్పుడు ప్రయాణికుల నంబరు తప్పనిసరి. నాన్న నంబరిచ్చింది తనే.

"నిండిపోయాయన్నారుగా అమ్మా?" అన్నాడు నాన్న.

"అయ్యో లేదు సార్, సగం పైగా ఖాళీనే. ఇంకో చిన్న విషయం సార్. వృద్ధ దంపతులు, విడివిడి మంచాలు, ఒక వీల్‌చెయిర్ అని రాసుంది. గదులకి వెళ్ళేది చెక్క వంతెన మీదుగా సార్, దాని మీద వీల్‌చెయిర్ తొయ్యడం కష్టం. ఇంతకీ అది ఎవరికి సార్? మీకా, మేడమ్‌గారికా?"

రోజూ పొద్దున్నే పార్కు చుట్టూ ఆరు రౌండ్లు కొట్టి వచ్చే మనిషి తన కాళ్ళ వంక ఒకసారి చూసుకున్నాడు.

"ఎవరికీ వద్దమ్మా. మళ్ళీ నేనే చేస్తాను," అని ఫోన్ పెట్టేశాడు.

మేడమ్ లేచింది. బీన్స్ గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు. వేసుంటే పొట్టికి అంత చివుక్కుమనేది కాదు.

"వీల్‌చెయిర్ ఎవరికే?" అన్నాడు నాన్న.

"ఎయిర్‌పోర్టులో క్యూలో నిలబడక్కర్లేదని అలా రాస్తాం. మామూలే."

"విడివిడి మంచాలు కూడా క్యూ కోసమేనా?"

పొట్టి ముఖం ఎర్రబడింది. దొరికిపోయిన మనిషికి సిగ్గు రావాలి. ఆమెకి కోపం వచ్చింది.

"ఇప్పుడు వెళ్ళకపోతే ఏం, కొంపలంటుకుంటాయా? వచ్చే ఏడాది వెళ్ళండి!"

నాన్న చేతిలోని చాకు బల్ల మీద పెట్టేశాడు.

"ఆ మాట నాది. మీ అమ్మతో అనేవాణ్ణి."

"అవును, అనేవాడివి!" పొట్టి గొంతు ఇంటికప్పు దాకా లేచింది. "ఎన్నేళ్ళన్నావు? ఊళ్ళో జనాన్నంతా ఎక్కించుకుని తిప్పావు, అమ్మని ఒక్కసారి ఎక్కడికైనా తీసుకెళ్ళావా? నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మీ ఇద్దరికీ టికెట్లు నేను తీయిస్తానన్నా. అమ్మ చెప్పులు కూడా కొనుక్కుంది. నువ్వేమన్నావ్? సెలవు దొరకలేదన్నావ్. వచ్చే ఏడాది చూద్దాంలే అన్నావ్. వచ్చే ఏడాదికి అమ్మ ఉందా? లేదు కదా! ఇప్పుడేమో కొండ దీవా, పగడాల దీవా అని బల్ల మీద బొమ్మలు పరుచుకుని కూర్చున్నావ్. నా చేత్తో నేనే బుక్ చేసి మిమ్మల్ని పంపాలి! ఎలా పంపను నాన్నా? నా వల్ల కావట్లేదు!"

మూడు వారాలుగా గొంతులో అడ్డుపడింది ఒక్కసారిగా బయటికొచ్చేసింది. ఆయాసంతో ఆమె భుజాలు ఎగిరిపడుతున్నాయి. నాన్న కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన కోప్పడలేదు.

"సెలవు దొరకలేదన్నది అబద్ధం," అన్నాడు. "అసలు నేను అడగనేలేదు."

పొట్టి తలెత్తి ఆయన వంక చూసింది.

"డ్యూటీ లేకపోతే ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు తల్లీ. ఇంట్లో రెండ్రోజులుంటే పిచ్చెక్కేది. మీ అమ్మకి అది చెప్పలేక సెలవు ఇవ్వలేదని చెప్పేవాణ్ణి. రూములు నిండిపోయాయని నువ్వు చెప్పావు చూడు, అచ్చం అలాగే." ఆయన వేళ్ళు తుడుచుకోబోయి, తుడుచుకోవడం మర్చిపోయాడు. "నన్ను తిట్టు. ఎంతైనా పడతాను, పడాల్సినవాణ్ణే. కానీ ఆవిడకి చేసిన అన్యాయమే ఈవిడకీ చేస్తే మీ అమ్మకి న్యాయం జరుగుతుందా? నువ్వే చెప్పు."

పొట్టి కుర్చీలో కూలబడింది. కోపం ఎక్కడో దిగబడిపోయింది, దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్న ఏడుపు ఒక్కటే మిగిలింది. కళ్ళు తుడుచుకుంటూ బల్ల మీది బ్రోషర్లని తండ్రి ముందుకి జరిపింది.

"అమ్మయితే ఈ రెండిట్లో ఏది కావాలనేది నాన్నా?"

ఆయన వాటివంక చూశాడు. పగడాల దీవి చూశాడు, కొండ దీవి చూశాడు, మళ్ళీ మొదటికొచ్చాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. నీకేం చూడాలనుందని ఒక్కరోజు కూడా అడగలేదు."

అరవై దాటిన మనిషి, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా చెయ్యని డ్రైవరు, బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. పొట్టి లేచి వెళ్ళి ఆయన వీపు నిమురుతూ నిలబడింది. తిట్టాలనుకున్నవి ఇంకా చాలానే ఉన్నాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అలా నిలబడి ఉండగానే ఆమెకి ఒక విషయం తట్టింది. ఆఫీసులో ఏ జంట వచ్చినా ముందుగా మాట్లాడేది మగవాడే. బీచ్ కావాలంటాడు, మా ఆవిడకి ఏదైనా పర్లేదంటాడు. అప్పుడు పొట్టి ఆయన్ని వదిలేసి పక్క కుర్చీకేసి తిరుగుతుంది. "మీరు చెప్పండి, మీకేం కావాలి?" అంటుంది. ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్న అడక్కుండా ఏ పెళ్ళికూతురినీ బయటికి పంపలేదు. మూడు వారాలుగా ఇదే వంటింట్లో, ఇదే బల్ల దగ్గర, ఒక పెళ్ళికూతురు బీన్స్ వలుస్తూ కూర్చుంటే ఒక్కసారైనా ఆమెకేసి తిరగలేదు.

గదిలో మేడమ్ మంచం అంచున కూర్చుని ఉంది. నార ఎప్పుడో అయిపోయింది. అయినా ఉన్న బీన్సునే ఇంకా చిన్న ముక్కలుగా తుంచుతోంది.

"ఆంటీ," అంది పొట్టి గుమ్మంలో నిలబడి. "నేను చేసింది తప్పు."

"పర్లేదమ్మా. వెళ్ళకపోయినా ఏం పర్లేదు. నా మూలంగా మీ ఇద్దరికీ గొడవెందుకు?"

"పర్లేదనకండి. తిట్టండి కావాలంటే."

మేడమ్ తుంచడం ఆపింది. ఆవిడ గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, ఇప్పుడూ మెత్తగానే ఉంది, కాకపోతే అందులో పొట్టి ఎన్నడూ వినని విసుగు ఉంది.

"సరే, చెప్తాను. నాకు చాలా కోపం వచ్చింది. వృద్ధులన్నావు, ఫర్వాలేదు, తలలో తెల్లవెంట్రుకలు నాకూ కనిపిస్తున్నాయి. వీల్‌చెయిర్ అన్నావు, నవ్వొచ్చింది. విడివిడి మంచాలన్నావు చూడు..." ఆవిడ ఆగింది. "యాభై మూడేళ్ళు విడి మంచం మీదే పడుకున్నానమ్మా. అక్కడికి వెళ్ళి కూడా అదేనా?"

పొట్టి తల వంచుకుంది. ఆ మూడు మాటలు టైపు చెయ్యడానికి ఆ రోజు అరనిమిషం కూడా పట్టలేదు. వెళ్ళి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది, మధ్యలో బీన్స్ గిన్నె.

"మీకు ఏ దీవి కావాలి?" అని అడిగింది. "నాన్న సంగతి వదిలెయ్యండి. మీరు చెప్పండి, మీకేం కావాలి?"

మేడమ్ ఆ ప్రశ్న అలవాటు లేని మనిషి. మీ ఇష్టం అనే మాట నాలుక చివరిదాకా వచ్చినట్టుంది, మింగేసింది.

"పగడాల దీవి," అంది చివరికి. "మీ నాన్నకి కొండలిష్టం కదాని నోరెత్తలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ ముఖానికి జానెడు దూరంలో నిలబడి ఫ్రేములు సరిచేస్తున్నాను. దుకాణంలో ఎటు తిరిగినా అద్దాలే. ఇంటికొస్తే ఎదురింటి గోడ. ఒక్కసారి, కంటికి ఏదీ అడ్డం రాని చోట కూర్చుని చూడాలని ఉంది. ఆ బొమ్మలో నీళ్ళకి చివరే లేదు."

"తూర్పు వరుసలో ఆఖరి గది అడగాలి," అంది పొట్టి, ఆఫీసు గొంతు దానంతటదే వచ్చేసి. "దానికి ఎదురుగా ఏమీ ఉండదు. పొద్దున్నే తలుపు తీస్తే మెట్టు కిందే నీళ్ళు. చేపలు పైనుంచే కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండ ఎక్కువ, టోపీ మర్చిపోకండి. దోమలు లేవు. నేను ఊరికే అన్నాను."

"చెవులు చిల్లులు పడతాయన్నావు?"

"దూది ఇస్తారు."

మేడమ్ నవ్వింది. ఈసారి పెదాలు బిగించుకోలేదు. పొట్టి ఫోన్ తీసి, ఆవిడ చూస్తుండగానే ఆ రిసార్టుకి ఫోన్ చేసింది. పాతవి కొట్టించేసి కొత్తవి రాయించింది. తూర్పు వరుస, ఆఖరి గది, కొత్త దంపతులు, ఒకటే మంచం. ఖాయం అంది. వంటింట్లో నాన్న ముఖం కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒకటి అడగనా?" అంది మేడమ్, గొంతు తగ్గించి. "నాకు ఈత రాదు. ఆ మెట్టు మీంచి నీళ్ళలోకి దిగితే భయమేస్తుందా?"

"మొదట్లో వేస్తుంది," అంది పొట్టి. "నాన్న చెయ్యి పట్టుకోండి."

చాలా మామూలుగానే అంది. అన్నాక మాత్రం ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. మేడమ్ బీన్స్ గిన్నె పక్కకి జరిపి దగ్గరికి తీసుకుంటే, ఆవిడ భుజం మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.