అందరూ చదివిన ఉత్తరం

ఆ రోజు డాబా మీద ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. నజీహాతో మాట్లాడేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు! ఏటా ఆగస్టులో కుటుంబంలోని ఆడవాళ్ళంతా స్ఫాక్స్ పట్నంలోని నజీహా అత్తవారింట్లో చేరి, సంవత్సరానికి సరిపడా కుస్కుస్ చేసుకుంటారు. గోధుమరవ్వ తడిపి, అరచేతులతో నలిచి, జల్లెడ పట్టి, దుప్పట్ల మీద ఎండబెడతారు. నవ్వులూ ఎత్తిపొడుపులూ వీధి చివరిదాకా వినిపిస్తాయి. ఈసారి మాత్రం నజీహా ఏ పళ్ళెం దగ్గర కూర్చోబోతే ఆ పళ్ళెం పక్కకు జరిగింది. "నీళ్ళు నేను చల్లనా?" అంటే ఎవరూ పలకలేదు. ఇంతకీ ఆమె చేసిన నేరమేమిటి? సాయం అడగడమే!

మూడు రోజుల క్రితం కువైట్ నుంచి చెల్లెలు రాధియా ఈమెయిల్ పంపింది. "అక్కా, హజ్‌కి వెళ్తున్నాను. జతచేసిన ఉత్తరం చదువు. గురువారం మధ్యాహ్నం విమానం ఎక్కేలోగా జవాబు చెప్పు..." అంతే. హజ్‌కి బయల్దేరేవాళ్ళు గడప గడపకూ వెళ్ళి క్షమించమని అడుగుతారు. దూరాన ఉన్నవాళ్ళు ఉత్తరం రాసుకుంటారు. కానీ నజీహా ఫోన్లో ఆ ఉత్తరం తెరిస్తే ఒక్క అక్షరమైనా లేదు... అన్నీ ఖాళీ గళ్ళూ, ప్రశ్నార్థకాలూ! రాధియాకు ఫోన్ చేస్తే ఎత్తదు. చెల్లెలికి ఏమైందోనని కంగారుపడి, పెళ్ళి కబురైనా చావు కబురైనా బంధువులందరికీ ఒకేసారి పంపే చిరునామాలకే దాన్నీ పంపేసింది. "ఇదేమిటో కాస్త చూసి చెప్పండమ్మా, నాకు రావడం లేదు" అని రాసింది. అందరికీ వచ్చింది. అందరూ చదివారు. ఒక్కరూ చెప్పలేదు!

ఇవాళే గురువారం. ఇక ఉండబట్టలేక నజీహా అడిగేసింది. "ఎవరికైనా ఆ ఉత్తరం తెరుచుకుందా?"

ఫెరియాల్ చేతిలోని జల్లెడ ఎగిరి గోడకు తగిలింది. ఆమె నజీహా భర్తకు అక్క. పెళ్ళి కాకుండా పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి.

"కావాలనే అందరికీ పంపి, ఏమీ ఎరగనట్టు ఎలా అడుగుతోందో చూడమ్మా!"

"ఒట్టు వదినా, నాకు గళ్ళే కనిపిస్తున్నాయి..."

"కనిపిస్తాయి! పందొమ్మిదేళ్ళుగా నా బతుకు నీకు కనిపించిందా?"

"మెల్లగా మాట్లాడవే, పక్కింటివాళ్ళు వింటారు" అంది అత్తగారు లల్లా జుబైదా.

"విననీ! నాకు మూర్ఛ వస్తుందని ఊరంతా వినలేదూ?" ఫెరియాల్ కొంగులోంచి మడిచిన కాగితం తీసి విసిరింది. "అచ్చు వేయించి తెచ్చాను. చదువు. అందరి ముందూ, పైకి చదువు!"

నజీహా చదివింది. "అక్కా, దీన్ని ఎవరికీ చూపించకు..." అక్కడ తలెత్తి చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. అయ్యో, తన చేతులతో తానే ఊరందరికీ పంచిపెట్టింది కదా! మళ్ళీ కాగితం వైపు తిరిగి మిగతాది చదివింది.

"ఫెరియాల్‌కు మూర్ఛ వస్తుందని నువ్వు నా దగ్గర చెప్పుకుని ఏడ్చావు. నేను హమ్మాంలో, ఆడవాళ్ళంతా స్నానాలు చేసేచోట, ఆమెకు కుదిరిన పెళ్ళికొడుకు తల్లి ముందు నోరు జారాను. సంబంధం పోయింది. నింద నీ మీద పడింది. నా పెళ్ళి ఎక్కడ ఆగిపోతుందోనని నువ్వు నోరెత్తలేదు. ఫెరియాల్‌ను అడిగే ధైర్యం నాకు లేదు. నువ్వైనా నన్ను క్షమించు..."

లల్లా జుబైదా కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో పామును పెట్టుకున్నానని నిన్ను నలుగురిలో అన్నానే! నేను కాదు అత్తయ్యా అని ఒక్కసారైనా అనకూడదటే?"

"ముందు బయటపెట్టింది నేనే కదా అత్తయ్యా..."

"అబ్బో, పుణ్యాత్మురాలు!" ఫెరియాల్ అరిచింది. "రోజూ నిన్ను తిట్టాను. శాపాలు పెట్టాను. అన్నీ తలవంచుకుని పడ్డావు... పందొమ్మిదేళ్ళు నాచేత తప్పు మనిషిని తిట్టించావు కదే!"

అప్పుడే ఫోన్ మోగింది. విమానాశ్రయం నుంచి రాధియా! "అక్కా... చదివావా?"

"చదివానమ్మా. నేనెప్పుడో క్షమించాను. కానీ..." రవ్వ అంటిన చేత్తో ఫెరియాల్ ఫోన్ లాక్కుంది.

"నేను ఫెరియాల్‌ని. అందరం చదివాం." అవతల ఏడుపు. "ఏడవకు. నేను క్షమించలేదు, వినబడిందా? ఫోన్లో చెప్పేసి చేతులు దులుపుకోవడానికి ఇది పండగ శుభాకాంక్ష కాదు. యాత్రకు వెళ్ళు. తిరిగొచ్చాక ముందు నా గడప తొక్కు. నా మొహం చూసి అడుగు. అప్పుడు ఆలోచిస్తాను."

ఫోన్ పెట్టేసి తన పళ్ళెం ముందు కూలబడింది. తర్వాత తలెత్తకుండానే పళ్ళేన్ని నజీహా వైపు తోసింది. "అలా నిలబడ్డావేం? నీళ్ళు చల్లు!"

నజీహా పక్కనే కూర్చుని నీళ్ళు చల్లింది. తొందరలో ఎక్కువ పడ్డాయి.

"రవ్వంతా ముద్ద చేశావు కదే, దరిద్రం!" అని కసిరింది ఫెరియాల్.

నజీహా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి, నిజంగా తాను చేసిన తప్పుకే తనకు తిట్టు పడింది!